సైదాపురం పలుగురాళ్లలో నల్ల సూదులు, బంగారు పోగులు: అవి రూటైలేనా?

ప్రశ్న: నేను నెల్లూరు జిల్లాలో ఉన్నత పాఠశాల సైన్స్ ఉపాధ్యాయురాలిని. సైదాపురం చుట్టుపక్కల పాత మైకా గనుల దిబ్బల మీద వెదికి కొన్ని పలుగురాళ్లు పోగుచేశాను. నాలుగింటి లోపల ఏవో కనిపిస్తున్నాయి. మొదటి రాయిలో నల్లని సూదులు, రెండో రాయిలో బంగారు రంగు పోగులు, మూడో రాయిలో ఎర్రని రేకులు ఉన్నాయి. నాలుగో రాయిలో, రాయిని తిప్పినప్పుడు కదిలే బుడగ ఒకటి ఉంది. ఐదో రాయి వికారాబాద్ దగ్గర మా బంధువుల ఊళ్లో బావి తవ్వినప్పుడు బయటపడింది. దానిలో పచ్చని నాచులాంటిది పరచుకొని ఉంది. రాళ్లు కొనే వ్యాపారి ఒకాయన మొదటి రెండింటిలోనూ ఉన్నది రూటైల్ అనే ఖనిజమని చెప్పారు. నా దగ్గర పది రెట్ల భూతద్దం తప్ప పరికరాలేవీ లేవు. వీటిని గుర్తుపట్టాలంటే పగలగొట్టి చూడాలా, యాసిడ్‌లో వేయాలా? ఫొటోలు జతపరిచాను.

సమాధానం: రాళ్లను పగలగొట్టవద్దు, యాసిడ్‌లోనూ వేయవద్దు. పలుగురాయికి చీలిక తలాలు లేవు కాబట్టి సుత్తి దెబ్బకు అది లోపలి ఖనిజం వెంబడి విచ్చుకోదు; వంపు తిరిగిన పెచ్చులుగా ఎటు పడితే అటు పగిలి, మీరు చూడదలచిన సూదిని కూడా ముక్కలు చేస్తుంది. ఇక మామూలు యాసిడ్లు పలుగురాయిని కరిగించలేవు గనుక లోపల బందీగా ఉన్నదాన్ని అవి తాకనే తాకవు. పలుగురాయిని కరిగించగల హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చర్మంలోకి ఇంకి ప్రాణం మీదికి తెచ్చే పదార్థం కాబట్టి దాన్ని బడి దరిదాపులకు కూడా రానివ్వకూడదు. మీ ఐదు రాళ్లలో నాలుగింటికి భూతద్దం, సన్నని టార్చి, గిన్నెడు నీళ్లు, పాత పోలరాయిడ్ కళ్లద్దాలు సరిపోతాయి. ఒక్కదానికి మాత్రం ప్రయోగశాల అవసరం రావచ్చు.

వ్యాపారి రంగును చూసి పేరు పెట్టారు. సంతలో అది చెల్లుతుంది గాని ఖనిజాన్ని గుర్తించడంలో చెల్లదు. పలుగురాయి లోపల ఏముందో తేల్చవలసి వచ్చినప్పుడు మొదట అడగవలసినది ఆ రాయి ఏ శిలలోనుంచి వచ్చిందన్నది. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల మీదుగా సాగే నెల్లూరు మైకా పట్టీలో పలుగురాయి పెగ్మటైట్ శిలల్లో దొరుకుతుంది. నీరు, బోరాన్, ఇతర అరుదైన మూలకాలు పేరుకున్న శిలాద్రవం చిట్టచివరగా గడ్డకట్టినప్పుడు ఏర్పడే ముతక శిల పెగ్మటైట్. అందువల్ల దానిలో పలుగురాయికి తోడుగా ఫెల్డ్‌స్పార్, మస్కొవైట్ అభ్రకం, నల్ల టూర్మలిన్, గార్నెట్, బెరిల్, అపటైట్ వంటివి పెరుగుతాయి. రూటైల్ అంటే టైటానియం డయాక్సైడ్. బజారులో అమ్మే బంగారు సూదుల పలుగురాయిలో పేరుమోసినది బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రపు నోవో హొరిజోంతి నుంచి వస్తుంది. ఆల్ప్స్ పర్వతాల శిలాపగుళ్లలో పెరిగిన స్ఫటికాల్లోనూ రూటైల్ ప్రసిద్ధమే. ఆ రెండు చోట్లా పలుగురాయి వేడినీటి ద్రావణాల నుంచి పగుళ్లలో పెరిగినదే తప్ప మైకా పెగ్మటైట్‌లో పుట్టినది కాదు. మీ దిబ్బల మీద రూటైల్ దొరకనే దొరకదని నేను అనడం లేదు. అయితే అక్కడ దొరికిన నల్ల సూదిని టూర్మలిన్ కాదని ముందు నిరూపించాలి, ఆ తరువాతే రూటైల్ అన్న మాట ఎత్తాలి.

దిబ్బ మీద ఏరుకున్న రాయికి ఒక లోపం ఉంది: అది గనిలో ఏ భాగం నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ లోటును కొంతవరకు తీర్చేది రాయికి అంటుకొని ఉన్న ఇతర ఖనిజాలే. మీ మొదటి రాయి ఫొటోలో ఎడమవైపున తెల్లని ఫెల్డ్‌స్పార్, దాని పక్కన అభ్రకపు పొరల గుత్తి ఒకటి కనిపిస్తున్నాయి. రాయి అందంగా కనిపించాలని వాటిని ఊడగొట్టే అలవాటు సేకర్తల్లో చాలామందికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. మీ రాయి పెగ్మటైట్ నడుమ ఉండే పలుగు గుండులోనుంచి కాక ఆ గుండు అంచు నుంచి వచ్చిందని చెప్పే సాక్ష్యం ఆ రెండే. ఏరిన చోటనే రాయికి అంకె వేసి, ఆ అంకెతో పుస్తకంలో గని పేరు, దిబ్బలో ఏ వైపు, పక్కన ఇంకేమి రాళ్లు ఉన్నాయి అన్న మూడు సంగతులైనా రాసుకోవాలి. దిబ్బలు ఎవరో ఒకరి లీజులోనో పట్టాలోనో ఉంటాయి కనుక అనుమతి అడగండి. పాత గుంతల అంచులకు పిల్లలను వెళ్లనివ్వకండి.

రాయి చేతికి వచ్చాక తేల్చవలసిన మొదటి విషయం, మీకు కనిపిస్తున్నది నిజంగా లోపల ఉందా, లేక పగులులోకి చేరిందా అన్నది. పలుగురాయి లోపలి ఖనిజాలు మూడు రకాలుగా వస్తాయి. కొన్ని పలుగురాయి కంటే ముందే పుట్టి, అది పెరుగుతూ తమను కప్పేయగా లోపల మిగిలిపోతాయి. కొన్ని దానితోపాటే పెరుగుతాయి. మరికొన్ని, పలుగురాయి ఏర్పడి ఎంతో కాలం గడిచాక, పగుళ్ల గుండా దిగిన నీరు వదిలిపెట్టిన ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు. చెట్టుకొమ్మల ఆకారంలో పరచుకొనే నల్లని మాంగనీసు గీతలను పిల్లలు శిలాజాలని, పెద్దలు టూర్మలిన్ అని అనుకోవడం తరచుగా జరుగుతుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. రాయిని నీళ్లలో ముంచి, భూతద్దం కింద నెమ్మదిగా అటూ ఇటూ వంచండి. కనిపిస్తున్నవన్నీ ఒకే తలంలో ఉండి, ఒక కోణంలో ఆ తలం మొత్తం అద్దంలా తళుక్కుమని మరో కోణంలో మాయమైతే అది పగులు. వేర్వేరు లోతుల్లో ఉండి, వంచినప్పుడు ఒకదాని ముందు నుంచి మరొకటి జరుగుతున్నట్టు కనిపిస్తే అవి లోపలివే.

నీళ్లలో ఎందుకు ముంచాలో కూడా చెబుతాను, ఎందుకంటే మిగతా పరీక్షలన్నీ ఆ సూత్రం మీదనే నడుస్తాయి. పలుగురాయి వక్రీభవన గుణకం, అంటే కాంతిని అది ఎంతగా వంచుతుందో చెప్పే అంకె, 1.544 నుంచి 1.553 వరకు ఉంటుంది. గాలిలో ఉన్నంతసేపు గరుకైన ఉపరితలం మీద కాంతి చెదిరిపోయి లోపలిది మసకబారుతుంది. నీటి గుణకం 1.33, ఆముదం గుణకం సుమారు 1.48, లవంగ నూనె గుణకం సుమారు 1.53. రాతి గుణకానికి ద్రవం గుణకం ఎంత దగ్గరైతే ఉపరితలం అంతగా కనుమరుగవుతుంది, లోపలి ఖనిజం అంతగా బయటపడుతుంది. అదే లెక్క లోపలి ఖనిజానికీ వర్తిస్తుంది. పలుగురాయికి దగ్గరి గుణకం గల ఫెల్డ్‌స్పార్ దానిలో దాదాపు కనిపించదు, అభ్రకం పలుచని అంచులతో కనిపిస్తుంది, 1.62 నుంచి 1.67 వరకు గుణకం గల టూర్మలిన్ స్పష్టమైన అంచులతో కనిపిస్తుంది. రూటైల్ గుణకం 2.6కు పైగా ఉంటుంది కాబట్టి దాని అంచులు ముదురుగా, ఒళ్లు వజ్రపు మెరుపుతో పైకి పొడుచుకు వచ్చినట్టు ఉంటుంది. గాలి బుడగలు, ఖాళీ గొట్టాలు కూడా ముదురు అంచులతోనే కనిపిస్తాయి, ఎందుకంటే వాటి గుణకం పలుగురాయి కంటే చాలా తక్కువ. రెండో రాయి దగ్గర ఈ చివరి మాట అక్కరకొస్తుంది.

మొదటి రాయిలోని నల్ల సూదులు టూర్మలిన్ అనే నా అభిప్రాయం. అందులోనూ ఇనుము ఎక్కువగా ఉండే షోర్ల్ అనే రకం. ఫొటోలో కుడివైపు పైమూలన ఒక సూది పలుగురాయి విరిగిన ముఖం మీదికి అడ్డంగా తేలింది. ఆ కొనను భూతద్దంతో చూడండి. టూర్మలిన్ అడ్డుకోత వంపు తిరిగిన భుజాలు గల త్రిభుజంలా ఉంటుంది, చాలాసార్లు మూలలు గుండ్రబడి ఉంటాయి. ఆంఫిబోల్ జాతి ఖనిజమైతే కోత వజ్రాకృతిలో ఉండి, సుమారు 56, 124 డిగ్రీల కోణాల్లో చీలిక గీతలు కనిపిస్తాయి. తరువాత సూది పొడవు వెంబడి టార్చి వెలుగును పక్కనుంచి పడేటట్టు పట్టండి. టూర్మలిన్ ఒంటి మీద పొడవునా సన్నని గాడులు ఉంటాయి, రాయిని తిప్పుతుంటే అవి ఒక్కొక్కటే వెలుగును పట్టి వదులుతాయి. మరో సాక్ష్యం నాకు ఇంకా నచ్చుతుంది: మీ ఫొటోలో అన్నిటికంటే పొడవైన సూది మూడు నాలుగు చోట్ల అడ్డంగా తెగి ఉంది, ఆ ముక్కలు ఒకే వరుసలో కొద్దికొద్దిగా ఎడమై ఉన్నాయి, మధ్య సందులను తెల్లని పలుగురాయి నింపింది. ఆ సూది పలుగురాయి కంటే ముందే పెరిగి, శిల కదలికకు తెగి, ఆ సందుల్లోకి పలుగురాయి తరువాత చేరిందన్నమాట. పెళుసైన టూర్మలిన్ ఇలా తెగి ఉండడం పెగ్మటైట్లలో సాధారణ దృశ్యం.

దీనికి పైన మరొక పరీక్ష ఉంది. లావు షోర్ల్ సూది పూర్తిగా నల్లనిదే, వెలుగు దానిలోనుంచి రాదు. వెంట్రుక మందాన ఉన్న సూదుల్లోనుంచి మాత్రం నీలమో గోధుమ రంగో ఆకుపచ్చో కనిపిస్తుంది. అటువంటి సన్నని సూదిని, అదీ రాయి పైముఖానికి బాగా దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకొని, కింద నుంచి తెల్లని వెలుగు పంపి, పైనుంచి పోలరాయిడ్ అద్దాన్ని గుండ్రంగా తిప్పుతూ చూడండి. టూర్మలిన్ అయితే తన పొడవుకు అడ్డంగా కంపించే కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది కాబట్టి, అద్దం తిరుగుతున్నకొద్దీ ఒకచోట దాదాపు నల్లబడి, పావు చుట్టు తిప్పాక తేలికపడుతుంది. పైముఖానికి దగ్గరగా ఉన్న సూదినే ఎందుకు ఎంచుకోవాలంటే, పలుగురాయికి కూడా ద్వివక్రీభవనం, అంటే కాంతిని రెండు కిరణాలుగా విడదీసే గుణం, ఉంది. సూదికీ మీ కంటికీ మధ్య మందపాటి రాయి ఉంటే అది కాంతి కంపన దిశను మార్చేసి పరీక్షను చెడగొడుతుంది. దళసరి రాయి లోతుల్లో ఉన్న సూది మీద ఈ పరీక్ష చేసి, రంగు మారలేదు కాబట్టి టూర్మలిన్ కాదని తేల్చేవారు ఉన్నారు. ఆ తీర్పు చెల్లదు.

నల్లనివాటి గురించి ఇంకొక్క మాట. నెల్లూరు పెగ్మటైట్లలో సమర్‌స్కైట్ అనే బరువైన నల్లని ఖనిజం దొరుకుతుందని భూవిజ్ఞానులకు ఎప్పటినుంచో తెలుసు. దానిలో యురేనియం ఉంటుంది. నల్లని గింజ చుట్టూ పలుగురాయి పొగరంగు తిరిగి వలయంగా కనిపిస్తే అది రేడియోధార్మికత వల్ల కావచ్చునని అనుమానించి, ఆ ముక్కను పిల్లల చేతికి ఇవ్వకుండా, తరగతి గదిలో ఉంచకుండా విడిగా పెట్టి, జియాలజీ విభాగం ఉన్న విశ్వవిద్యాలయం వారికి చూపించండి. మీకు దగ్గరలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆ విభాగం ఉంది.

రెండో రాయి గురించి నేను అంత నిశ్చయంగా మాట్లాడలేను, అయితే వ్యాపారి మాటను నమ్మడానికి కూడా కారణం కనిపించడం లేదు. రూటైల్ సూదులకు కొన్ని పోకడలు ఉన్నాయి. అవి బాణంలా తిన్నగా సాగుతాయి, సన్నని పోగైతే ఒకోసారి వంపు తిరుగుతుంది. కొన్ని చోట్ల సుమారు 60 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి దాటుతూ వల అల్లుతాయి. లావు కడ్డీలు మోచేతి వంపుతో జంట స్ఫటికాలుగా కనిపించవచ్చు. హెమటైట్ పలక ఒకటి నడిమిన ఉండి దాని నుంచి ఆరు దిక్కులకు రూటైల్ కిరణాలు చిమ్మడం కూడా ఉంది. వీటన్నిటికంటే నమ్మదగినది మెరుపు: రాయిని తిప్పినప్పుడు సూది పొడవు మొత్తం ఒక్కసారిగా లోహపు తళుకుతో వెలిగి, వెంటనే ఆరిపోతుంది. రూటైల్‌కు పోటీగా నిలిచేది గోథైట్ అనే ఇనుప ఖనిజం. అది ఒక బిందువు నుంచి చీపురులా విచ్చుకొని, కొనల దగ్గర చీలి, పసుపు కలిసిన గోధుమ రంగుతో ఉంటుంది. చాలాసార్లు స్ఫటికం ఒక దశలో ఆగి మళ్లీ పెరిగిన తలం మీద కుదురుకుంటుంది. బ్రెజిల్ అమెథిస్టుల్లోని ఇటువంటి కుచ్చులను కాకాక్సెనైట్ అనే పేరుతో ఏళ్ల తరబడి అమ్ముతూ వచ్చారు. పరీక్షిస్తే అవి గోథైట్ అని తేలింది.

మీ ఫొటోలోని పోగులు ఈ రెంటిలో దేనికీ సరిగా ఒదగడం లేదు. అవి అన్నీ ఇంచుమించు ఒకే దిశలో సాగుతున్నాయి, అన్నీ ఒకే పగులు దగ్గర ఆగిపోతున్నాయి, ఆ పగులు దగ్గర రంగు ముదురుగా ఉండి లోపలికి పోయేకొద్దీ పలుచబడుతోంది. ఇవి ఖనిజాలే కాకపోవచ్చునని నా అనుమానం. పలుగురాయిలో ద్రావణాలు తొలిచిన సన్నని గొట్టాలు ఉండడం ఉంది. పగులు గుండా దిగిన ఇనుపనీరు వాటి గోడలకు పసుపు పూత పూస్తే అవి బంగారు సూదులుగా కనిపిస్తాయి. దీన్ని తేల్చడానికి రాయిని ఎండలో బాగా ఆరనిచ్చి, చూసి, ఫొటో తీసి, ఆ తరువాత ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మళ్లీ అదే కోణంలో చూడండి. గొట్టాలు పగులులోకి తెరుచుకొని ఉంటే వాటిలోకి నీరు ఎక్కి, ముదురు అంచులు పలుచబడతాయి, కొన్నిచోట్ల నీటికీ గాలికీ మధ్య హద్దు కూడా కనిపిస్తుంది. అసలు రూటైల్ అయితే నానినా నానకపోయినా దానిలో మార్పు ఉండదు. లవంగ నూనెలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, నూనె నిండిన గొట్టం దాదాపు అదృశ్యమవుతుంది. కాని నూనె సందుల్లోనుంచి సులభంగా వదలదు, తరువాత ప్రయోగశాలలో జరిగే పరీక్షకు అడ్డువస్తుంది. కనుక ఈ రాయి విషయంలో నీటితోనే ఆగండి. ఇంకే రాయికైనా లవంగ నూనె వాడదలచుకుంటే గాజు గిన్నెలోనో పింగాణీ గిన్నెలోనో పోయండి, అది కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

మూడో రాయి సంగతి తేలికైనది. పలుగురాయిలో ఎర్రని రేకులు అనగానే హెమటైట్ గుర్తుకు వస్తుంది. పలుచని హెమటైట్ రేకు వెలుగుకు ఎదురుగా పెడితే రక్తవర్ణంలో, దళసరి రేకు ఉక్కు నలుపులో ఉంటుంది, అంచులు ఆరు పలకలుగా తీరి ఉంటాయి. గార్నెట్ కాదు, గార్నెట్ రేకులుగా పెరగదు. కాని మైకా గనుల దిబ్బ మీద దొరికిన రాయిలో ఆరు పలకల ఎర్రని రేకు కనబడితే, ఇనుము మరక పట్టిన అభ్రకమేమో అని ముందుగా చూస్తాను, ఎందుకంటే మస్కొవైట్ రేకు అంచులు కూడా ఆరు పలకలుగానే ఉంటాయి. ఉపరితలానికి తేలిన ఒక రేకును గుండుసూది మొనతో మెల్లగా లేపండి. పొరలుగా లేచి, వంచి వదిలితే తిరిగి నిటారయ్యేది అభ్రకం. పెళుసుగా విరిగి, తెల్లని పింగాణీ ముక్క మీద రుద్దితే ఎర్రని గీత పడేది హెమటైట్. ఈ రాయిని శుభ్రం చేయడానికి ఆక్జాలిక్ యాసిడ్ వాడమని ఎవరైనా చెప్పవచ్చు. ఇనుము మరకలను అది వదిలిస్తుందన్నది నిజమే గాని, ఉపరితలానికి తెరుచుకున్న హెమటైట్‌ను, గోథైట్‌ను కూడా తినేస్తుంది, పైగా విషం. గుర్తించడం పూర్తయ్యేవరకు దాని జోలికి పోకండి.

ఐదో రాయిని ముందు తీసుకుంటాను, నాలుగో దాని గురించి చెప్పవలసినది ఎక్కువగా ఉంది. వికారాబాద్ ప్రాంతంలో దక్కన్ లావా శిలలు, అంటే బసాల్ట్, పరచుకొని ఉన్నాయి. పచ్చని ఇన్‌క్లూజన్ (రాయి లోపల చిక్కుకున్న పదార్థం) అనగానే క్లోరైట్ అనే ఖనిజమని రాసేయడం అలవాటు, అది రూపాంతర శిలల్లోని పలుగు పాయలకు సరిపోతుంది. కర్ణాటక క్వార్ట్‌జైట్లలోనుంచి వచ్చే పచ్చని తళుకుల రాయిలో ఉండేది క్రోమియం కలిసిన ఫుక్సైట్ అభ్రకం. బసాల్ట్ బొరియల్లో పెరిగిన రాయికి మొదట అనుమానించవలసినది సెలడొనైట్. లావా చల్లారాక దాని బుడగల ఖాళీల గోడలకు మొట్టమొదట అంటుకొనే ఖనిజాల్లో అది ఒకటి. నీలి ఛాయ గల ఆకుపచ్చ రంగులో, తళుకు లేకుండా, మట్టిపూతలా ఉంటుంది. దాని మీద సిలికా తరువాత పెరుగుతుంది. పైగా మీ ఫొటోలోని రాయి మైనపు మెరుపుతో, అంచున పలుచని పట్టీలతో ఉంది, కాబట్టి అది విడి స్ఫటికం కాదు, కంటికి ఆనని పలుగు స్ఫటికాలు కలిసి గట్టిపడిన కాల్సిడొనీ. చీటీ మీద "కాల్సిడొనీలో సెలడొనైట్ కావచ్చు, బసాల్ట్, వికారాబాద్" అని రాసుకోండి.

ఇక నాలుగో రాయి. మీరు పంపిన ఐదింటిలో నాకు అసూయ కలిగించినది ఇదే. పలుగురాయి పెరుగుతున్నప్పుడు దాని చుట్టూ ఉన్న వేడి ద్రావణంలో కొంత లోపల చిక్కుకుపోతుంది. రాయి చల్లారేటప్పుడు ద్రవం పలుగురాయి కంటే ఎక్కువగా కుంచించుకుపోవడంతో మిగిలిన చోటులో బుడగ ఏర్పడుతుంది. ఈ బుడగలను సూక్ష్మదర్శినితో కొలిచి, స్ఫటికం పెరిగిన ఉష్ణోగ్రతను వాటి నుంచి రాబట్టవచ్చునని ఇంగ్లండుకు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1858లో చూపించారు. రాయిని వేడిచేస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర బుడగ మాయమవుతుంది, స్ఫటికం పెరిగినప్పటి వేడి కనీసం అంత ఉండి ఉంటుంది. ఉప్పునీటి బుడగకు అది సాధారణంగా వందల డిగ్రీల వ్యవహారం. అలా అని మీరు పొయ్యి మీద పెట్టబోకండి, లోపలి ఒత్తిడికి రాయి పేలిపోతుంది. ఎండలో వదిలేయడం కూడా మంచిది కాదు. పలుగురాయి పాలరంగులో కనిపించడానికి కారణం కూడా కంటికి ఆనని ఇటువంటి ద్రవపు చుక్కలు లెక్కలేనన్ని ఉండడమే.

అయితే ఇంట్లోనే భద్రంగా చేయగల పరీక్ష ఒకటి ఉంది. చిక్కుకున్నది నీరేనా, లేక కార్బన్ డయాక్సైడ్ కూడా ఉందా అన్నది అది చెబుతుంది. ఒత్తిడిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ ద్రవంగానూ వాయువుగానూ విడివిడిగా ఉండగలిగేది 31.1 డిగ్రీల సెల్సియస్ వరకే. మీథేన్ వంటివి కలిస్తే ఆ హద్దు ఇంకా దిగువకు వస్తుంది. అందువల్ల చల్లని రాయిని భూతద్దం కింద పట్టుకొని గుప్పిటి వేడి తగలనిస్తే, లోపలి బుడగ చిన్నదవుతూనో పెద్దదవుతూనో ఒక్కసారిగా కనబడకుండా పోతుంది. రాయి చల్లారితే చిన్న చిన్న బుడగలు పొంగి మళ్లీ ఒకటవుతాయి. నీటితో కలిసి ఉన్నప్పుడు బుడగలో బుడగ కనిపిస్తుంది: బయట నీరు, దానిలో ద్రవ కార్బన్ డయాక్సైడ్ వలయం, ఆ వలయం నడుమ వాయువు. చలిదేశాల వారు రాసిన పద్ధతిలో గది వేడి దగ్గర మొదలుపెట్టమని ఉంటుంది గాని, నెల్లూరులో మే నెలలో గది వేడే ఆ హద్దును దాటి ఉంటుంది. అంతకు ముందే బుడగ మాయమై ఉంటే రాయిలో ఏమీ లేదని అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి రాయిని కుండనీళ్లలో కొంతసేపు ఉంచి, తుడిచి, అప్పుడు చూడడం మొదలుపెట్టండి. ఐసునీళ్లలో మాత్రం వేయకండి, ఉన్నట్టుండి చల్లబరిస్తే రాయి పగలవచ్చు. గుప్పిటి వేడికి బుడగలో ఏ మార్పూ రాకపోతే అది ఉప్పునీరు, నీటి ఆవిరి బుడగ అనుకోవచ్చు. ఆ ద్రవంలో చతురస్రాకారపు గింజ ఒకటి కూడా కనిపిస్తే, చిక్కుకున్న నీరు ఎంత ఉప్పగా ఉండేదో చెప్పే ఉప్పు స్ఫటికం అది.

చివరికి ప్రయోగశాల. మీ ఊళ్లో ఎవరో ఒకరు బంగారం నాణ్యత చూసే ఎక్స్‌రే యంత్రం దగ్గరికి రాయిని తీసుకెళ్లమంటారు. ఆ యంత్రం ఉపరితలాన్నే చదువుతుంది, రాయి లోతులో ఉన్న సూదిని చూడలేదు. రూటైల్, అనటేజ్, బ్రూకైట్ మూడూ టైటానియం డయాక్సైడే కాబట్టి వాటి మధ్య తేడా చెప్పలేదు. టూర్మలిన్‌కు ప్రాణమైన బోరాన్ తేలికైన మూలకం కావడంతో దాన్ని పసిగట్టనూలేదు. మీకు కావలసినది సర్ సి.వి. రామన్ 1928లో ప్రకటించిన ఫలితం మీద ఆధారపడిన రామన్ స్పెక్ట్రోమీటర్. లేజర్ కాంతిని పారదర్శకమైన పలుగురాయి గుండా లోపలి సూది మీద కేంద్రీకరించి, అక్కడినుంచి చెదిరి వచ్చిన కాంతిని చదవడం దాని పని, రాయిని కోయనక్కరలేదు. పలుగురాయి తన గుర్తును, అంటే గ్రాఫులో ఒక శిఖరాన్ని, సెంటీమీటరుకు 464 తరంగ సంఖ్య దగ్గర ఇస్తుంది. దానితోపాటు 447, 612 దగ్గర వెడల్పాటి శిఖరాలు లేస్తే రూటైల్. 144 దగ్గర పదునైన శిఖరం లేస్తే అనటేజ్. 225, 292, 411 దగ్గర లేస్తే హెమటైట్. పలుగురాయి శిఖరం తప్ప మరేదీ రాకపోతే, అది ఖనిజం కాదు, ఖాళీ గొట్టమేనన్న నా అనుమానం బలపడుతుంది. బంగారం వంటి లోహాలు ఈ పద్ధతికి దొరకవు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఐదింటినీ పంపవలసిన పని లేదు. రెండో రాయిని మాత్రం, నీటి పరీక్ష పూర్తయి రెండు మూడు రోజులు ఆరాక, నూనె గాని మైనం గాని తగలనివ్వకుండా పంపండి. పోగుల్లో ఒకదాని కొన ఉపరితలానికి మిల్లీమీటరు లోపు లోతులో ఉన్న చోటును భూతద్దంతో వెదికి, ఆ చోటుకు కాస్త ఎడంగా పెన్సిల్‌తో బాణం గుర్తు వేయండి. స్కెచ్ పెన్ను సిరా కూడా స్పెక్ట్రమ్‌లో కనబడుతుంది కాబట్టి దాన్ని వాడవద్దు. ఆ బాణం కనిపించేలా తీసిన ఫొటో, పొడి రాయిదీ తడి రాయిదీ ఒకే కోణంలో తీసిన రెండు ఫొటోలు, పుస్తకంలో రాసుకున్న గని వివరాల నకలు జతచేస్తే, యంత్రం దగ్గర కూర్చున్నవారు వెదుక్కోకుండా నేరుగా ఆ పోగు మీదికే లేజర్‌ను తిప్పగలుగుతారు.